జార్జ్ ఎల్లికాట్ (1760–1832): పిండిమర, ఇరుగుపొరుగు, ఒక బల్ల

సంఘ చరిత్రను మనము సాధారణంగా బిషప్పుల, మిషనరీల, వేదాంత పండితుల జీవితాల ద్వారా చదువుతాము. వ్యాపారస్థుడైన విశ్వాసి అందులో కనబడేది చందాల జాబితాలోనే. అయితే అమెరికాలోని క్వేకర్లను అర్థం చేసుకోవాలంటే ప్రసంగవేదిక దగ్గర వెదకి లాభం లేదు. ఆ కాలంలో వారికి వేతనమిచ్చే కాపరులు లేరు, సంస్కారాలూ లేవు. వారి వేదాంతమంతా కొట్టులోను, పొలములోను, మరలోను కనబడుతుంది. అందుకే ఈ వ్యాసంలో మేరీలాండ్‌కు చెందిన పిండిమర యజమాని జార్జ్ ఎల్లికాట్ జీవితాన్ని పరిశీలిస్తున్నాము.

క్వేకర్లు తమను తాము ‘స్నేహితుల సమాజం’ అని పిలుచుకుంటారు. యోహాను 15:14-15లో యేసు తన శిష్యులను స్నేహితులని పిలిచిన మాట ఈ పేరు వెనుక ఉన్నది. ప్రతి మనుష్యుని వెలిగించే వెలుగును గూర్చి యోహాను 1:9 చెప్పే సంగతి వారి బోధకు పునాది. ప్రతి మనుష్యునిలో ఆ వెలుగు ఉన్నట్లయితే మనుష్యుని కొనడం, అమ్మడం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వారికే దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. చివరికి 1776లో ఫిలడెల్ఫియా వార్షిక కూటము బానిసలను విడిచిపెట్టని సభ్యులను వెలివేయాలని నిర్ణయించింది. మేరీలాండ్ క్వేకర్లు కూడ ఆ దశకములోనే అదే మార్గము పట్టారు.

జార్జ్ పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో పుట్టాడు. అతని తండ్రి ఆండ్రూ, పెదనాన్న చిన్నాన్నలు జోసెఫ్, జాన్‌లతో కలిసి 1772లో బాల్టిమోర్‌కు పడమరగా పటాప్‌స్కో నది ఒడ్డున మరలు స్థాపించడం మొదలుపెట్టాడు. అది పొగాకు నేల. ఏటేటా పొగాకు వేసి భూమిసారం పోగొట్టుకున్న రైతులు కొందరు ఎల్లికాట్ల ప్రోత్సాహంతో గోధుమకు మారారు. ఆ సోదరులు బాల్టిమోర్‌కు రోడ్డు వేసి, ఓడరేవులో సరుకు దించే కట్ట కట్టించారు. జిప్సమును పొలాలకు ఎరువుగా వాడించారు. ఆలివర్ ఎవాన్స్ కనిపెట్టిన యంత్రాలను తొలినాళ్ళలోనే తమ మరలలో పెట్టుకున్నారు. ధాన్యాన్ని పైకెత్తే తొట్ల గొలుసు, పిండిని పక్కకు నెట్టే మర, వేడి పిండిని పరచి ఆరబెట్టే తిరుగుడు పలుగు, ఇవన్నీ నీటి బలంతోనే తిరిగేవి. మనుషులు గోనెలు మోసుకుంటూ నిచ్చెనలెక్కే పని తగ్గింది, పిండిలో దుమ్ము కూడ తగ్గింది. ఆమోసు 8:4-6లో గోధుమ వర్తకులపై ప్రవక్త మోపిన నేరాలను జ్ఞాపకం చేసుకుంటే శుభ్రమైన పిండి, సరియైన తూకం చిన్న విషయాలు కావని బోధపడుతుంది.

ఇక్కడ ఒక సంగతిని దాచకూడదు. పొగాకుకంటె గోధుమకు తక్కువమంది కూలీలు చాలు, కనుక గోధుమ సాగు బానిసత్వపు అవసరాన్ని కొంత తగ్గించింది. అయితే బాల్టిమోర్ పిండిలో ఎక్కువ భాగం పోయింది వెస్టిండీస్ దీవులకే. అక్కడ చెరకు తోటలు నడిచింది బానిసల శ్రమతోనే. బానిసను ఇంట ఉంచుకోని క్వేకరు సైతం బానిసత్వపు సంతలో అమ్మకందారుడే. ఈ ముడిని ఆ తరము పూర్తిగా విప్పలేకపోయింది. విప్పారని రాసే జీవితచరిత్రలను మేము నమ్మము.

మరలకు దగ్గరలోనే బెంజమిన్ బానెకర్ అనే స్వతంత్ర నల్లజాతి రైతు ఉండేవాడు. 1731లో పుట్టినవాడు. యౌవనంలోనే చెక్కతో గడియారం చేసి ఆ ప్రాంతంలో పేరు తెచ్చుకున్నాడు. మరలు కట్టే పనివారికి ఆ కుటుంబము కూరగాయలు, ఇతర ఆహార పదార్థాలు అమ్మేది. అట్లా మొదలైన పరిచయం స్నేహంగా మారింది. 1788–89 ప్రాంతంలో జార్జ్ అతనికి ఖగోళశాస్త్ర గ్రంథాలు, చంద్రగమన పట్టికలు, దూరదర్శిని, రాసుకోవడానికి ఒక బల్ల అరువిచ్చాడు. వచ్చి వివరిస్తానని మాట ఇచ్చాడు గాని మర పనుల వల్ల ఆలస్యమైంది. తీరా వచ్చేసరికి బానెకర్ తనంతట తానే నేర్చేసుకున్నాడు! అప్పటికి శిష్యునికి యాభై ఏడు, గురువు కాబోయినవానికి ఇంకా ముప్పై నిండలేదు. 1789లో బానెకర్ ఒక సూర్యగ్రహణాన్ని లెక్కకట్టాడు. అందులో తప్పు ఉందని జార్జ్ చూపాడు. ఆ అక్టోబరులో బానెకర్ అతనికి రాసిన ఉత్తరంలో, తన దగ్గరున్న రెండు గ్రంథాలకే ఒకదానితో ఒకటి పొంతన లేదని వివరించాడు. దానం చేసేవాడు, పుచ్చుకొనేవాడు అనే తేడా లేకుండా ఇద్దరు చదువరులు మాట్లాడుకున్న తీరు ఇది.

1791లో జార్జ్ బంధువు మేజర్ ఆండ్రూ ఎల్లికాట్ కొత్త రాజధాని సరిహద్దులు కొలిచే పనిలో బానెకర్‌ను తీసుకున్నాడు. ఆ సంవత్సరం ఆగష్టులో బానెకర్ తన పంచాంగపు రాతప్రతిని, బానిసత్వాన్ని ఖండించే ఉత్తరాన్ని థామస్ జెఫర్సన్‌కు పంపాడు. పంచాంగము 1792 సంవత్సరానికి అచ్చయింది.

ఆ సర్వే శిబిరాన్ని గూర్చి జార్జ్ కుమార్తె మార్తా ఎల్లికాట్ టైసన్ ఒక సంగతి రాసింది. అధికారులు బానెకర్‌ను తమతో భోజనానికి కూర్చోమన్నారు. అతడు వినయంతో ఒప్పుకోలేదు గనుక అదే డేరాలో వేరే బల్ల వేశారు. మార్తా దీనిని అతని సద్గుణంగా చెప్పింది. మాకు మాత్రం ఆ మాట గొంతుకు అడ్డుపడుతుంది. అంత చదువుకున్నవాడు ఎందుకు ఒప్పుకోలేదు? వేరే గ్లాసును, వేరే పంక్తిని ఎరిగిన మన సంఘాల పెద్దలకు ఆ వినయం ఎక్కడ నేర్పబడుతుందో చెప్పనక్కరలేదు. బానెకర్ క్వేకర్ల ఆరాధనకు వెళ్ళేవాడు గాని సభ్యుడు కాలేదు. ఆ కాలంలో నల్లజాతివారికి వెనుక బెంచీ వేసిన క్వేకరు కూటములు ఉండేవి. వెలుగు అందరిలోనూ ఉన్నదని ఒప్పుకోవడం ఒకటి, పక్కన కూర్చోబెట్టుకోవడం మరొకటి.

జార్జ్ పరిచర్య ఇంతటితో ఆగలేదు. మయామీ తెగ నాయకుడు లిటిల్ టర్టిల్ బాల్టిమోర్ క్వేకర్లను కలిసి, తెల్లవారు అమ్మే సారాయి తన ప్రజలను నాశనం చేస్తున్నదని మొరపెట్టుకున్నాడు. 1804లో జార్జ్, జెరార్డ్ హాప్కిన్స్ ఫోర్ట్ వేన్ వరకు ప్రయాణించి, వ్యవసాయం నేర్పడానికి ఫిలిప్ డెన్నిస్ అనే వ్యక్తిని అక్కడ ఉంచి వచ్చారు. మయామీలలో పొలం పని స్త్రీలది. పురుషుల చేత నాగలి పట్టించాలన్న ఆలోచన అంతగా ఫలించలేదు. ఆ ప్రజల జీవనవిధానం గురించి ముందుగా వారినే అడిగి ఉంటే బాగుండేది.

బానెకర్ 1806 అక్టోబరు 9న మరణించాడు. తాను పోగానే జార్జ్ ఇచ్చినవన్నీ అతనికి చేర్చాలని ముందే చెప్పి ఉంచాడు. బంధువులు ఆలస్యం చేయకుండా బల్ల, పరికరాలు, పుస్తకాలు, తన రాతప్రతుల్లో కొన్ని బండిమీద ఎల్లికాట్ ఇంటికి చేర్చారు. సమాధి కార్యక్రమం జరుగుతుండగానే అతని ఇల్లు కాలిపోయింది. చెక్క గడియారం, మిగిలిన కాగితాలు దానితోపాటే బూడిదైనవి. బానెకర్‌ను గూర్చి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ బండిలో వచ్చిన కాగితాల నుండి, మార్తా రాసిన జ్ఞాపకాల నుండి వచ్చినదే. ఆ బల్ల ఎల్లికాట్ల వంశంలోనే తరతరాలుగా ఉండి, 1996లో వేలంలో అమ్ముడుపోయింది.