వాడిన ఇంధనానికి పొడి పీపా

2019లో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న వార్తతో నల్లమల కదిలింది. నీళ్లేమవుతాయి, అడవేమవుతుంది, చెంచులు ఎక్కడికి పోవాలి అని జనం నిలదీశారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. అది ఇంధనం పుట్టుక దగ్గర వేసిన ప్రశ్న. రియాక్టర్‌లో పని ముగిశాక ఆ ఇంధనం ఎక్కడ ఉండాలన్నది కూడా అంతే బరువైన ప్రశ్న. దానికి ఇప్పటికి దొరికిన మేలైన మధ్యకాలపు జవాబు పొడి పీపా, అంటే డ్రై కాస్క్. పీపా మంచిదే, కానీ దానికి గడువు పెట్టకుండా నమ్మడం మంచిది కాదు.

గద్వాల దగ్గర జూరాలలో నీటిని ఆపితే టర్బైను ఆగుతుంది, అక్కడితో సరి. రియాక్టర్ అలా కాదు. గొలుసు చర్య ఆగిన క్షణాన కూడా పూర్తి ఉష్ణశక్తిలో 6 శాతానికి పైగా వేడి పుడుతూనే ఉంటుంది. చీలిన యురేనియం ముక్కలు ఇంకా క్షయమవుతుండటమే కారణం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వేడి బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే వాడిన ఇంధనాన్ని ముందు లోతైన నీటి కొలనులో ఉంచుతారు. నీరు వేడిని లాగుతుంది, రేడియేషన్‌ను అడ్డుకుంటుంది. అయితే ఆ నీటిని చల్లబరచడానికి పంపులూ కరెంటూ కావాలి, కొలనులేమో నిండిపోతాయి. ఆ ఇబ్బందిలోంచే పొడి నిల్వ పుట్టింది. 1986లో అమెరికాలో వర్జీనియాలోని సర్రీ విద్యుత్ కేంద్రం దాన్ని మొదలుపెట్టింది. కొన్నేళ్లు చల్లారిన ఇంధనాన్ని ఉక్కు పాత్రలో పెట్టి, తేమ తీసేసి, హీలియం నింపి, మూత బిగిస్తారు. చుట్టూ ఉక్కు లేదా కాంక్రీటు కవచం ఉంటుంది. బయటి గాలి సోకి వేడి దానంతటదే పోతుంది. పంపుతో పని లేదు.

2011 మార్చిలో ఫుకుషిమాను సునామీ ముంచినప్పుడు ఈ తేడా బయటపడింది. కరెంటు పోయాక అక్కడి కొలనుల్లో నీరు తగ్గకుండా హెలికాప్టర్లతో, ఫైరింజన్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. అదే ఆవరణలో వరద చొచ్చిన భవనంలో ఉన్న 9 పొడి పీపాలు చెక్కుచెదరలేదు. వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసి ప్లుటోనియం తీసుకునే మన దేశానికి ఇవెందుకని కొందరంటారు. కానీ శుద్ధి తర్వాత కూడా తీవ్ర రేడియోధార్మిక వ్యర్థం మిగులుతుంది. దాన్ని గాజులో కలిపి గట్టిపరిచి, తారాపూర్‌లో గాలితో చల్లారే నిల్వ కేంద్రంలో ఏళ్ల తరబడి ఉంచాల్సిందే. నిల్వ రూపం మారుతుందే తప్ప అవసరం తీరదు.

పీపా అంత గట్టిదైతే అక్కడే వదిలేస్తే పోలేదా అని ఇంకొందరి వాదన. కానీ ఉక్కు తుప్పు పడుతుంది, సీళ్లు పాతబడతాయి, చూసుకునే సంస్థలు మారిపోతాయి. 1998 నుంచి వాడిన ఇంధనాన్ని తీసుకుంటామని అమెరికా ప్రభుత్వం 1982 చట్టంతో బాధ్యత తలకెత్తుకుంది. శాశ్వత స్థలం కుదరక, ఆ ఇంధనం నేటికీ విద్యుత్ కేంద్రాల పక్కనే ఉంది. తెలంగాణలో రియాక్టరే లేదు కదా అనుకోవడమూ సరికాదు. ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో, ఖనిజం తవ్వే చోట్లలో ఒకటి పొరుగు రాష్ట్రంలోని కడప జిల్లా తుమ్మలపల్లె. నల్లమల కోసం జనం అడిగినట్టే, ప్రతి కొత్త రియాక్టర్‌కూ అనుమతి ఇచ్చేముందే మూడు సంగతులు రాతపూర్వకంగా తేలాలి: ఇంధనం పీపాలో ఎన్నేళ్లుంటుంది, ఆ తర్వాత ఎక్కడికి పోతుంది, ఆ ఖర్చుకు డబ్బు ఎవరు పక్కన పెడతారు. వీటికి జవాబు లేని అనుమతి, మన కరెంటు బాకీని పుట్టబోయే పిల్లల మీద వేయడమే.