అమ్మ బ్యాటింగ్ చాంపియన్.. కొడుకు మేజర్ లీగ్ ప్లేయర్! ఎవరీ హెలెన్ కాలహాన్? హాలీవుడ్ హిట్ సినిమా వెనుక అసలు కథ ఇదే

ఆటల్లో వారసత్వం అనగానే తండ్రీకొడుకుల పేర్లే గుర్తొస్తాయి. నాన్న ఆడాడు, కొడుకూ ఆడాడు అనే కథలు క్రికెట్‌లోనూ చాలానే చూశాం. కానీ అమెరికా బేస్‌బాల్‌లో ఓ వింత ఉంది. అక్కడ కేసీ క్యాండెల్ అనే ఆటగాడికి బ్యాట్ వారసత్వం నాన్న నుంచి కాదు.. అమ్మ నుంచి వచ్చింది. ఆ అమ్మ మామూలు ప్లేయర్ కూడా కాదు. 1945లో తన లీగ్ మొత్తానికి బ్యాటింగ్ చాంపియన్! ఆమె పేరు హెలెన్ కాలహాన్.

అయినా ఆమె ఆట దాదాపు నలభై ఏళ్లు ఎవరికీ గుర్తులేదు. మళ్లీ ఎలా వెలుగులోకి వచ్చింది? ఆమె కుటుంబం ఎక్కడిది? పూర్తి వివరాలు చూద్దాం.

పుట్టింది కెనడాలో..

హెలెన్ 1923 మార్చి 13న కెనడాలోని వాంకూవర్‌లో పుట్టారు. కాలహాన్ అనేది ఐరిష్ మూలాలున్న ఇంటిపేరు. హెలెన్‌కు మార్గరెట్ అనే అక్క ఉంది. అందరూ ఆమెను మార్జ్ అని పిలిచేవారు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఆటలంటే ప్రాణం. అప్పట్లో కెనడాలో అమ్మాయిలకు బేస్‌బాల్ కన్నా సాఫ్ట్‌బాల్ ఎక్కువ అందుబాటులో ఉండేది. సాఫ్ట్‌బాల్ అంటే ఇంచుమించు బేస్‌బాల్ లాంటిదే. బంతి పెద్దది, మైదానం చిన్నది, బౌలింగ్ చేతిని కిందనుంచి తిప్పుతూ వేస్తారు. ఈ ఇద్దరూ వాంకూవర్ సాఫ్ట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నారు. సరిగ్గా అదే సమయంలో అమెరికాలో ఓ కొత్త లీగ్ ఆటగాళ్ల కోసం వెతుకుతోంది.

యుద్ధం వల్ల పుట్టిన లీగ్!

అది రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. మగ ప్లేయర్లు చాలామంది సైన్యంలోకి వెళ్లిపోయారు. చిన్న లీగ్‌లు ఎన్నో మూతపడ్డాయి. ఇలాగే సాగితే పెద్ద స్టేడియాలు కూడా ఖాళీ అయిపోతాయేమో అని యజమానులు భయపడ్డారు. చూయింగ్ గమ్ వ్యాపారి, షికాగో కబ్స్ జట్టు ఓనర్ ఫిలిప్ రిగ్లీ 1943లో ఓ ప్రయోగం చేశారు. అదే ఆల్ అమెరికన్ గర్ల్స్ ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్. నాలుగు జట్లతో మొదలైంది. 1954 వరకు నడిచింది. మొత్తం మీద 600 మందికి పైగా మహిళలు ఇందులో ఆడారు. వారిలో 60 మందికి పైగా కెనడా అమ్మాయిలే.

జీతం వారానికి 45 నుంచి 85 డాలర్ల దాకా ఉండేది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామందికి అంత వచ్చేది కాదు. ఆట ఆడితే డబ్బులిస్తారట అన్న మాటే ఆ అమ్మాయిలకు కొత్త.

స్కర్టులు, లిప్‌స్టిక్, నానా కండిషన్లు

అయితే ఈ అవకాశం ఊరికే రాలేదు. అమ్మాయిలు మగాళ్లలా ఆడాలి కానీ మగాళ్లలా కనిపించకూడదు అన్నది యాజమాన్యం లెక్క. అందుకే యూనిఫామ్‌గా పొట్టి స్కర్టులు ఇచ్చారు. జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకోకూడదు. లిప్‌స్టిక్ తప్పనిసరి. బయట సిగరెట్ కాల్చకూడదు. ప్రతి జట్టుకూ ఓ మహిళా పర్యవేక్షకురాలు ఉండేవారు. తొలి ఏళ్లలో నడక, మాట, మేకప్ నేర్పడానికి ప్రత్యేకంగా క్లాసులు కూడా పెట్టారు.

ఇక్కడే అసలు కష్టం. బేస్‌బాల్‌లో బేస్ చేరడానికి మట్టిలో జారుతూ దూకాలి. మగ ఆటగాళ్లకు ప్యాంట్లు ఉంటాయి. వీళ్లకు స్కర్టులు! జారిన ప్రతిసారీ తొడల మీద చర్మం కొట్టుకుపోయేది. ఆ గాయాలతోనే మర్నాడు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగేవారు. సీజన్‌కు వందకు పైగా మ్యాచ్‌లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రాత్రంతా బస్సు ప్రయాణాలు.

మరో చేదు నిజం కూడా ఉంది. ఈ లీగ్‌లో నల్లజాతి మహిళలకు చోటు ఇవ్వలేదు. టోనీ స్టోన్ లాంటి గొప్ప ప్లేయర్ 1953లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ అనే నల్లజాతి పురుషుల జట్టులో చేరి ఆడాల్సి వచ్చింది.

సొంతూరే లేని జట్టు

1944లో హెలెన్ మినియాపొలిస్ మిల్లరెట్స్ జట్టులో చేరారు. అక్క మార్జ్ కూడా అదే జట్టులోకి వచ్చారు. కానీ ఆ ఊళ్లో అప్పటికే మగవాళ్ల జట్టుకు గట్టి ఫాలోయింగ్ ఉంది. మహిళల మ్యాచ్‌లకు జనం పెద్దగా రాలేదు. దాంతో సీజన్ మధ్యలోనే హోమ్ గ్రౌండ్ పోయింది. మిగతా మ్యాచ్‌లన్నీ పరాయి ఊళ్లలోనే. చివరికి ఆ జట్టుకు అనాథలు అనే ముద్దుపేరు కూడా పడిపోయింది.

1945లో జట్టు ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌కు మారింది. పేరు ఫోర్ట్ వేన్ డైసీస్ అయింది. ఆ ఏడాదే హెలెన్ దుమ్ము లేపారు. ఎడమచేతి వాటం బ్యాటర్, ఔట్‌ఫీల్డర్. మనిషి పొట్టి, కానీ పరుగు మాత్రం మెరుపు. 0.299 సగటుతో లీగ్ బ్యాటింగ్ టైటిల్ కొట్టేశారు.

0.299 అంటే ఏంటి?

క్రికెట్ చూసేవాళ్లకు ఈ నంబర్ చిన్నగా అనిపించొచ్చు. క్రికెట్ సగటు అంటే ఔటైన ఒక్కోసారికి ఎన్ని పరుగులు అని. బేస్‌బాల్ లెక్క వేరు. బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతి పది అవకాశాల్లో ఎన్నిసార్లు బంతిని కొట్టి సేఫ్‌గా బేస్ చేరారు అన్నదే సగటు. అంటే హెలెన్ పదికి దాదాపు మూడుసార్లు సక్సెస్ అయ్యారన్నమాట. బేస్‌బాల్‌లో పదికి ఏడుసార్లు ఫెయిలైన వాళ్లనే గొప్ప బ్యాటర్ అంటారు! పైగా ఆ లీగ్ తొలి రోజుల్లో బౌలర్‌దే పైచేయి. బంతి పెద్దది, బౌలింగ్ వేసే దూరం తక్కువ. అలాంటి చోట ఈ సగటు అందరికన్నా టాప్. అందుకే ఆమెను నాటి సూపర్‌స్టార్ టెడ్ విలియమ్స్‌తో పోల్చేవారు.

ఇంటి పెరట్లో కొత్త ఇన్నింగ్స్

1940ల చివరికల్లా హెలెన్ ఆట వదిలేశారు. బాబ్ క్యాండెల్‌ను పెళ్లి చేసుకున్నారు. కుటుంబం కాలిఫోర్నియాలోని లోంపాక్ అనే చిన్న పట్టణంలో స్థిరపడింది. ఐదుగురు కొడుకులు. తర్వాతి రోజుల్లో మరో పెళ్లితో ఆమె పేరు హెలెన్ సెయింట్ ఆబిన్‌గా మారింది.

ఈలోగా లీగ్ పరిస్థితి దిగజారింది. యుద్ధం అయిపోయింది, మగ ఆటగాళ్లు తిరిగొచ్చారు. టీవీలో పెద్ద లీగ్ మ్యాచ్‌లు రావడం మొదలైంది. 1948లో సీజన్ మొత్తానికి 9 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చిన లీగ్ 1954లో మూతపడింది. అంతకుముందే, 1952లో పురుషుల మైనర్ లీగ్‌లు మహిళలతో కాంట్రాక్టులు కుదుర్చుకోకుండా నిషేధం పెట్టాయి. అంటే ఒక తలుపు మూసుకుపోతుంటే రెండో తలుపుకు ముందే తాళం పడింది! ఆ అమ్మాయిల్లో చాలామంది ఉద్యోగాల్లో, ఇళ్లలో సర్దుకుపోయారు. పేపర్ కటింగులు పెట్టెల అడుగుకు చేరాయి.

కానీ క్యాండెల్ ఇంట్లో మాత్రం ఆట ఆగలేదు. పిల్లలకు బంతి ఎలా పట్టాలో, బ్యాట్ ఎలా తిప్పాలో నేర్పింది అమ్మే. 1961లో పుట్టిన కేసీ 1986లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అతని మొదటి జట్టు మాంట్రియల్ ఎక్స్‌పోస్. అమ్మ పుట్టిన దేశం కెనడాకు చెందిన జట్టు! తర్వాత హ్యూస్టన్, క్లీవ్‌లాండ్ జట్లకూ ఆడి 1997 దాకా మేజర్ లీగ్‌లో కొనసాగాడు. కేసీ కెరీర్ సగటు 0.250. లీగ్‌లు వేరు కాబట్టి నేరుగా పోల్చలేం కానీ.. పేపర్ మీద చూస్తే 1945లో అమ్మ కొట్టిన 0.299 ముందు కొడుకు వెనకే!

మరో కొడుకు కెమెరా పట్టాడు

కేసీ బ్యాట్ పడితే, అన్న కెల్లీ క్యాండెల్ కెమెరా పట్టాడు. అమ్మ, ఆమె తోటి ప్లేయర్ల కథను కిమ్ విల్సన్‌తో కలిసి 1987లో డాక్యుమెంటరీగా తీశాడు. పేరు 'ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్'. టీవీలో వచ్చిన ఆ డాక్యుమెంటరీ దర్శకురాలు పెన్నీ మార్షల్ దృష్టిలో పడింది. అదే పేరుతో 1992 జూలై 1న హాలీవుడ్ సినిమా విడుదలైంది. టామ్ హ్యాంక్స్, జీనా డేవిస్, మడోన్నా నటించిన ఆ సినిమా అమెరికాలోనే 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులో ఒకే జట్టులో ఆడే అక్కాచెల్లెళ్ల కథ ఉంటుంది. పాత్రలు కల్పితమే అయినా, కాలహాన్ సిస్టర్స్ గురించి తెలిసినవాళ్లకు వాళ్లే గుర్తొస్తారు. సినిమా కథ క్రెడిట్‌లో కెల్లీ పేరు కూడా ఉంది.

సినిమా వచ్చిన ఏడాదే, 1992 డిసెంబర్ 8న హెలెన్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 69 ఏళ్లు. తన లీగ్ పేరు మళ్లీ జనం నోట వినబడటం మాత్రం ఆమె చూడగలిగారు. 1998లో కెనడా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ లీగ్‌లో ఆడిన తమ దేశ మహిళలందరినీ గౌరవించింది.

ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?

హెలెన్ రికార్డు ఎక్కడికీ పోలేదు. 1945 నుంచీ అలాగే ఉంది. చూసేవాళ్లే లేకుండా పోయారు. కొడుకు అడిగాడు, రికార్డ్ చేశాడు కాబట్టి ఈ ఒక్క అమ్మ కథ ప్రపంచానికి తెలిసింది. ఆ 600 మందిలో మిగతావాళ్ల ఇళ్లలో అలా అడిగినవాళ్లు ఎంతమంది?

మన ఇళ్లలోనూ అంతే. స్కూల్లో కబడ్డీ, ఖోఖో ఆడి కప్పులు గెలిచి, పెళ్లయ్యాక ఆ ఊసే ఎత్తని అమ్మలు, అమ్మమ్మలు ఎంతమందో! ఈరోజు ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారి అడిగి చూడండి.. "అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏం ఆడేదానివి?" అని.