చలి కాచుకుంటూ.. గోడ కట్టుకుంటూ

బంధుగాం (కొరాపుట్‌): వరికోతలయ్యాయి. కళ్లాలు ఖాళీ అయ్యాయి. ఇక ఇంటి పనే. కొండ గూడేల్లో చలికాలమే ఇళ్లు కట్టుకునే కాలం. వానల్లో పచ్చి మట్టిగోడ నిలవదు, పొలం పనీ తెమలదు మరి.

బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు. మూరెడు ఎత్తున ఓ వరస పెట్టి, అది గట్టిపడ్డాకే రెండోది. మంచు పడితే ఆరడం ఆలస్యం. తొందరపడితే గోడ జారిపోతుంది. కరెంటు తీగ రాని చోట పొద్దు గూకితే పని ఆగినట్లే. ఆ తర్వాత నెగడు, పగలు ఎండలో పెట్టిన సోలార్‌ లాంతరే దిక్కు.

ఇల్లు లేచేదాకా కాపురం పాకలోనే. చంటిపిల్లలు, ముసలివాళ్లదే అవస్థ. చలికి తాళలేక కుంపటి లోపల పెట్టి తడిక మూస్తే మాత్రం ముప్పే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ముందు నిప్పు బయట పెట్టాల్సిందే.

2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్‌ యోజనలో పక్కా ఇంటికి సొమ్ము విడతలుగా వస్తుంది. విడత ఆలస్యమైతే గోడలు మొండిగా నిలిచిపోతాయి. మట్టిల్లయినా, పక్కా ఇల్లయినా గడువు ఒక్కటే.. వేసవి గాలివానలు రాకముందే కప్పు పడాలి.