ఊరెళ్లొచ్చిన మర్నాడే.. కొలిమితో పైలం!
* ఫౌండ్రీ కార్మికులను కుంగదీస్తున్న వేడి
* అలసటను తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికే

బెంగళూరు: చల్లని ఊరని బెంగళూరుకు పేరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. సీమలో ఎండలు మండిపోయే రోజుల్లోనూ ఇక్కడ సాయంత్రానికి చల్లగాలి తిరుగుతుంది. పీణ్య పారిశ్రామికవాడలో ఓ ఫౌండ్రీ షెడ్డులోకి అడుగు పెడితే మాత్రం లెక్క మారిపోతుంది. పోత ఇనుము కరగాలంటే 1,150 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అచ్చుల్లో పోసేటప్పుడు 1,350 నుంచి 1,450 డిగ్రీల దాకా ఉంటుంది. బయట ముసురు పట్టినా, చలి వణికించినా ఫర్నేస్ ముందు నిలబడే మనిషికి ఏడాదంతా మే నెలే. పైగా ఊరి చల్లదనమూ మునుపటిలా లేదు. 2016 ఏప్రిల్‌లో నగరంలో 39.2 డిగ్రీలు, 2024 ఏప్రిల్ 28న 38.5 డిగ్రీలు నమోదయ్యాయి.

థర్మామీటరుకు అందని వేడి
గోడకు తగిలించిన థర్మామీటరు గాలి వేడినే చూపిస్తుంది. కరిగిన లోహం నుంచి, ఎర్రగా కాలిన అచ్చుల నుంచి సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. దాని లెక్క తేలాలంటే గాలి వేడి, తేమలతో పాటు నల్లటి గోళంతో సెగనూ కొలిచే పరికరం కావాలి. ఫ్యాను పెట్టాం కదా అంటే సరిపోదు. ఫ్యాను చెమట ఆరుస్తుందే గానీ సెగను ఆపలేదు. షెడ్డు గాలే ఒంటి వేడిని మించిపోతే అది మరింత వేడిని మొహాన కొడుతుంది. సెగకు అడ్డంగా మెరిసే అల్యూమినియం రేకు నిలబెడితే చాలా వరకు వెనక్కి తిరుగుతుంది.

బద్ధకం కాదది
మన ఒంటి వేడి 37 డిగ్రీలు. దాన్ని అక్కడే నిలపడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. బరువైన గరిటె మోసే కండరాలకూ అదే రక్తం కావాలి. రెండు పక్కలా లాగేసరికి గుండె దడదడలాడుతుంది. గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. అందుకే పిక్కలు పట్టేయడం, తల తిరగడం, చిరాకు, చేతి పట్టు సడలడం. ‘పని దొంగ’ అని మేస్త్రీ కసురుకునేది చాలాసార్లు ఈ దశలోనే. కరిగిన ఇనుము చేతిలో ఉన్నప్పుడు ఒక్క క్షణం తూలినా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఒంట్లో నీరు తగ్గుతూ ఉంటే మూత్రపిండాల్లో రాళ్లు, తర్వాత ఇంకా పెద్ద జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది.

పండగ తర్వాతే ముప్పు
హిందూపురం, మదనపల్లె, ఆదోని వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చినవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పుడు చెమట త్వరగా పోస్తుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది, గుండెకు శ్రమ తగ్గుతుంది. సంక్రాంతికో, ఉగాదికో, ఊరి జాతరకో వెళ్లి వారం పది రోజులు ఉండిపోతే ఆ అలవాటు తగ్గిపోతుంది. పొద్దున యశ్వంత్‌పూర్‌లో రైలు దిగి, నిద్ర లేకుండా నేరుగా షిఫ్టుకు వెళితే.. పదేళ్ల అనుభవం ఉన్నవాడైనా ఆ రోజుకు కొత్తవాడే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క ప్రకారం పనిచోట వేడి వల్ల జరిగే మరణాల్లో దాదాపు సగం మొదటి రోజే, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతున్నాయి. అందుకే తిరిగి వచ్చినవారిని మొదటి రోజు సగం సేపే వేడి దగ్గర ఉంచాలని, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80 శాతం, నాలుగో రోజు పూర్తి పని ఇవ్వాలని అక్కడి పరిశోధన సంస్థ నియోష్ సూచిస్తోంది. పూర్తిగా కొత్తవారికైతే మొదటి రోజు 20 శాతమే.

చట్టంలో ఏముంది?
1948 నాటి ఫ్యాక్టరీల చట్టం షెడ్డులో గాలి ఆడాలని, వేడి భరించేలా ఉండాలని చెప్పింది. వేసవిలో చల్లని తాగునీరు తప్పనిసరి అన్నది మాత్రం 250 మందికి మించి పనిచేసే చోటే. ఆ చట్టం స్థానంలో కొత్త భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. రోజుకు 8 గంటల పని, ఓవర్‌టైంకు రెట్టింపు కూలి అందులో ఉన్నాయి. అయితే కరెంటుతో నడిచే చోట ‘ఫ్యాక్టరీ’ అనిపించుకోవాలంటే పాత చట్టంలో 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. పదీ పదిహేను మందితో నడిచే చిన్న ఫౌండ్రీలు ‘ఫ్యాక్టరీ’ లెక్కలోకి రాకపోయినా, పది మంది ఉంటే ఈ కోడ్ వర్తిస్తుంది. పది మంది, అంతకు మించి ఉంటే ఈఎస్ఐ ఉంటుంది. కార్డు చేతిలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

ఇలా చేస్తే మేలు
* దాహం వేసే దాకా ఆగొద్దు. 15-20 నిమిషాలకోసారి పావు లీటరు నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. బీపీ, కిడ్నీ జబ్బులుంటే ఉప్పు విషయం డాక్టరును అడగాలి.
* పాలిస్టర్ వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందపాటి నూలు బట్టలే వేసుకోవాలి.
* ముందురోజు మందు తాగితే ఒంట్లో నీరు తగ్గుతుంది. మర్నాడు ఫర్నేస్ దగ్గర అది రెట్టింపు దెబ్బ.
* మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలట్లేదని అర్థం.
* ఇద్దరిద్దరు జతగా పనిచేయాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, పడిపోయినా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి విసరాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఓ కుండ చల్లని నీళ్లు, ఓ రేకు అడ్డం, ఊరెళ్లొచ్చినవారికి మూడు రోజుల తేలిక పని. యజమానికి వీటి ఖర్చు ఎంతో కాదు. అడగడానికి కార్మికుడు మొహమాటపడాల్సిన పనీ లేదు.