బెల్టు టెన్షనర్

బెల్టు టెన్షనర్ అనేది బెల్టు ద్వారా నడిచే యంత్రాలలో బెల్టు వదులు కాకుండా, తగిన బిగువుతో ఉండేటట్లు చూసే సాధనం. తెలుగులో దీనిని బిగువు కప్పీ అనవచ్చు. సాధారణంగా ఇది బేరింగుపై స్వేచ్ఛగా తిరిగే ఒక చిన్న కప్పీ, దానిని పట్టి ఉంచే ఒక చేయి, ఆ చేతిని బెల్టు మీదికి నొక్కే స్ప్రింగు లేదా బోల్టు అనే మూడు భాగాలతో ఉంటుంది. ఊళ్ళోని పిండి గిర్నీ మొదలుకొని బెల్టుతో నడిచే మూడు చక్రాల మోటారుసైకిలు వరకు దీని అవసరం కనబడుతుంది. కొన్ని వాహనాలకు తయారీదారు దీనిని అమర్చకపోయినా, ఇతర సంస్థలు విడిగా తయారుచేసి అమ్ముతాయి. అయితే బెల్టు ఉన్న ప్రతి బండికీ టెన్షనర్ అమర్చవచ్చు అనుకోవడం పొరపాటు.

బిగువు ఎందుకు

బెల్టుతో కలిపిన రెండు కప్పీలలో ఇంజను వైపు ఉన్నది నడిపే కప్పీ, రెండవది నడిచే కప్పీ. నడిపే కప్పీ ఒక వైపు బెల్టును తన మీదికి లాక్కుంటుంది. ఇది బిగుతు వైపు. రెండవ వైపు వదులుగా ఉంటుంది. ఈ రెండు వైపుల బిగువుల మధ్య తేడాయే చక్రాన్ని తిప్పే బలం.

ఈ తేడా ఎంతవరకు ఉండవచ్చు అన్నది బెల్టుకు, కప్పీకి మధ్య ఉన్న ఘర్షణ మీద, బెల్టు కప్పీని ఎంత మేరకు చుట్టుకున్నది అన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ సంబంధాన్ని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ వివరించాడు. ఘర్షణ గుణకం 0.3 ఉన్న చదును బెల్టు కప్పీని 180 డిగ్రీలు చుట్టుకుంటే, బిగుతు వైపు బిగువు వదులు వైపు బిగువుకు సుమారు 2.57 రెట్లు దాకా ఉండవచ్చు. అంతకు మించితే బెల్టు జారుతుంది. వదులు వైపు ఒక బిగువు కప్పీని బయటినుండి నొక్కి, చుట్టుకొలతను 210 డిగ్రీలకు పెంచితే ఈ నిష్పత్తి 3 అవుతుంది. అంటే బిగువు కప్పీ చేసే పని రెండు విధాలు: బెల్టు సాగినప్పుడు ఆ వదులును మింగివేయడం, బెల్టు కప్పీని మరింతగా చుట్టుకునేటట్లు చేయడం.

ఆంగ్ల అక్షరం 'వి' ఆకారపు బెల్టు గాడిలో చీలలాగ ఇరుక్కుంటుంది కనుక దాని పట్టు ఎంతో ఎక్కువ. 38 డిగ్రీల గాడిలో, అదే 0.3 గుణకంతో, 180 డిగ్రీల చుట్టుకు ఈ నిష్పత్తి సుమారు 18 వస్తుంది. పళ్ళ బెల్టులో ఘర్షణకు బదులు పళ్ళే బలాన్ని అందిస్తాయి. అయినా దానికీ బిగువు కావాలి. బిగువు చాలకపోతే పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి దాటిపోతాయి.

బిగువు ఎక్కువైనా నష్టమే. అతిగా బిగించిన బెల్టు కప్పీల బేరింగులను, గేరుబాక్సు నుండి బయటకు వచ్చే ఇరుసును ఎల్లప్పుడూ ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. బెల్టు ఖరీదు కంటే ఈ బేరింగులు మార్చే ఖర్చే ఎక్కువ.

గిర్నీలు, రైస్ మిల్లులు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో బెల్టు అనగానే మొదట గుర్తుకు వచ్చేవి పిండి గిర్నీలు, ఆయిల్ ఇంజన్లు, రైస్ మిల్లులు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి సాగు విస్తరించి, మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందిన కేంద్రమయింది. పాతకాలపు మిల్లులలో ఒకే ఇంజను లేదా మోటారు ఒక పొడవాటి ఇరుసును తిప్పేది. ఆ ఇరుసు నుండి చదును బెల్టులు ఒక్కొక్క యంత్రానికి వెళ్ళేవి. వదులైన బెల్టును కోసి, కురచ చేసి, మళ్ళీ అతికించడం, లేదా మోటారును దాని పట్టాల మీద వెనక్కి జరపడం బిగువు తెచ్చే పాత పద్ధతులు. మోటారును జరపడానికి వీలు లేని చోట బిగువు కప్పీ పెడతారు.

తిరిగే బెల్టు దగ్గర కండువా, చీర కొంగు చిక్కుకుంటే ప్రాణాపాయం కలుగుతుంది. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను కదిలే భాగాలకు కంచె ఉండాలని, 22వ సెక్షను నడుస్తున్న యంత్రం దగ్గర పనిచేసేవారు బిగుతైన దుస్తులు వేసుకోవాలని చెబుతాయి. బండి బెల్టు దగ్గర కూడా ఇదే జాగ్రత్త అవసరం.

బెల్టుతో నడిచే మూడు చక్రాల మోటారుసైకిళ్ళు

మన రోడ్ల మీద తిరిగే ఆటోరిక్షాలలో ఇంజను నుండి వెనుక చక్రాలకు శక్తి గేరుబాక్సు, ఇరుసుల ద్వారా వెళ్తుంది. బెల్టు ఉండదు. బెల్టుతో నడిచే మూడు చక్రాల మోటారుసైకిళ్ళు ముఖ్యంగా ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్నాయి. హార్లే-డేవిడ్‌సన్ సంస్థ 1980లో స్టర్జిస్ అనే రెండు చక్రాల బండికి గొలుసు బదులు పళ్ళ బెల్టు అమర్చింది. కెనడాకు చెందిన బి.ఆర్.పి. సంస్థ 2007లో ముందు రెండు చక్రాలు, వెనుక ఒక చక్రం ఉన్న కాన్-యామ్ స్పైడర్ బండిని విడుదల చేసింది. దీని వెనుక చక్రాన్ని పళ్ళ బెల్టు తిప్పుతుంది. 2014లో వచ్చిన పొలారిస్ స్లింగ్‌షాట్ కూడా ఇటువంటిదే. గొలుసుతో పోలిస్తే బెల్టుకు నూనె అక్కరలేదు, శబ్దం తక్కువ.

ఇటువంటి బండ్లలో రెండు కప్పీల మధ్య బెల్టు చాలా దూరం ఆధారం లేకుండా సాగుతుంది. వీణ తీగ లాగానే ఈ భాగానికి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఇంజను నుండి, చక్రం నుండి వచ్చే కదలిక ఒకానొక వేగం దగ్గర దానితో సరిపోలితే బెల్టు ఊగిపోతుంది. ఆ అదురు పాదాలకు, సీటుకు తెలుస్తుంది. మధ్యలో ఒక కప్పీ ఆనిస్తే పొడవు రెండుగా చీలుతుంది. బిగువు మారకుండా పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. కనుక అదురు మామూలు ప్రయాణ వేగాలకు దూరంగా జరుగుతుంది. విడిగా కొని అమర్చే టెన్షనర్ చేసే మేలు ఇదే. ఇది బెల్టును మరింత బిగించడం వలన కాక, దాని పొడవును విడగొట్టడం వలన పనిచేస్తుంది.

అమర్చే విధానం

ఒక్కొక్క టెన్షనర్‌కు తయారీదారు సూచనలు వేరుగా ఉంటాయి. అన్నిటికీ సమానమైన క్రమం ఇది.

1. ఇంజను చల్లారిన తరువాత బండిని చదునైన నేల మీద నిలిపి, తాళం చెవి తీసివేసి, ముందు రెండు చక్రాలకు అడ్డు పెట్టాలి. వెనుక చక్రం నేలకు తగలకుండా జాకీ మీద లేపాలి.

2. బెల్టును మొత్తం తిప్పి చూడాలి. పగుళ్ళు, ఊడిన పళ్ళు, అంచున లేచిన దారాలు, గుచ్చుకున్న రాళ్ళు ఉంటే ముందు బెల్టునే మార్చాలి. బెల్టును మడవడం, మెలిపెట్టడం చేయరాదు. లోపలి దారాలు విరిగితే పైకి కనబడదు.

3. వెనుక ఇరుసు సరిగా ఉన్నదో లేదో, బెల్టు కప్పీ అంచుకు రాసుకుంటున్నదో లేదో చూసి సరిచేయాలి. వంకర ఇరుసును టెన్షనర్ సరిచేయలేదు.

4. బండి తయారీదారు చెప్పిన ప్రకారం బెల్టు బిగువును ముందే సరిచేయాలి. వదులు బెల్టును టెన్షనర్‌తో నొక్కి సరిపెట్టడం తప్పు.

5. టెన్షనర్ పట్టీని సాధారణంగా బండికి ఉన్న బోల్టుల దగ్గరే బిగిస్తారు. పట్టీ మందం వలన పాత బోల్టు మరలలోకి చాలినంత దిగకపోవచ్చు. అప్పుడు టెన్షనర్‌తో వచ్చిన పొడవైన బోల్టునే వాడాలి. బిగించడానికి మామూలు పానా కాక టార్క్ రెంచి వాడడం మంచిది.

6. టెన్షనర్ కప్పీ ఇరుసు, వెనుక చక్రం ఇరుసు సమాంతరంగా ఉండాలి. కొంచెం వాలినా బెల్టు ఒక అంచుకు జరిగి అరుగుతుంది.

7. కప్పీని వదులు వైపు, అనగా బండి ముందుకు పోయేటప్పుడు కింది వైపు, బెల్టుకు ఆనించి కొద్దిగా మాత్రమే నొక్కాలి.

8. చక్రాన్ని చేతితో టైరు పట్టుకొని తిప్పి చూడాలి. బెల్టుకు, కప్పీకి మధ్య వేళ్ళు పోరాదు. ఇంజను నడిపి పరీక్షించేటప్పుడు బెల్టు దగ్గరకు చేయి తీసుకుపోరాదు.

9. కొంత దూరం నడిపిన తరువాత బోల్టులను, కప్పీ బేరింగు వేడిని, బెల్టు వీపు మీద పడిన గీతలను మళ్ళీ చూడాలి.

ఏడవ అంశంలో ఒక చిక్కు ఉన్నది. బండి ముందుకు లాగేటప్పుడు పై వైపు బిగుతుగా, కింది వైపు వదులుగా ఉంటుంది. యాక్సిలరేటరు వదిలి ఇంజనుతో వేగం తగ్గించినప్పుడు, రివర్సు గేరులో వెనక్కి పోయేటప్పుడు ఇది తారుమారవుతుంది. అప్పుడు కింది వైపు బిగిసి టెన్షనర్‌ను గట్టిగా నెడుతుంది. స్ప్రింగు ఉన్న టెన్షనర్ కొంత వెనక్కి తగ్గుతుంది. కదలకుండా బిగించిన టెన్షనర్ ఆ బలమంతా తన బేరింగు మీద మోస్తుంది. మూడు చక్రాల బండ్లకు రివర్సు గేరు ఉండడం సాధారణం కనుక ఈ తేడా తెలుసుకొని కొనాలి.

బిగువు కొలిచే పద్ధతులు

వేలితో నొక్కి అంచనా వేయడం అందరూ చేసేదే కాని, అది నమ్మదగినది కాదు. 'వి' బెల్టులకు వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఆధారం లేని భాగం మధ్యలో నొక్కినప్పుడు, ఆ పొడవులో 64వ వంతు వంగాలి. పొడవు 640 మి.మీ. అయితే 10 మి.మీ. వంగాలి. అంత వంచడానికి ఎంత బలం కావాలో చూసి, బెల్టు తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చాలి.

రెండవ పద్ధతిలో బెల్టును మీటి, అది పలికే పౌనఃపున్యాన్ని కొలుస్తారు. బెల్టు మీటరు పొడవు బరువు, ఆధారం లేని పొడవు వర్గం, పౌనఃపున్యం వర్గం, ఈ మూడింటి లబ్ధాన్ని 4తో గుణిస్తే బిగువు న్యూటన్లలో వస్తుంది. ఉదాహరణకు మీటరుకు 0.15 కిలోగ్రాములు తూగే బెల్టు అర మీటరు భాగం 60 హెర్ట్జ్ వద్ద పలికితే బిగువు 540 న్యూటన్లు. అదే 30 హెర్ట్జ్ వద్ద పలికితే 135 న్యూటన్లు మాత్రమే. టెన్షనర్ ఆనించి ఉండగా ఈ కొలత తీస్తే పొడవు మారిపోయి తప్పు జవాబు వస్తుంది. కనుక దానిని ఎత్తి కొలవాలి.

దివ్యాంగుల స్కూటర్లలో బెల్టు

దక్షిణ తెలంగాణలో బెల్టుతో నడిచే 'మూడు చక్రాల బండి' అంటే దివ్యాంగుల కోసం మార్చిన గేర్లు లేని స్కూటరే. భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండడం వలన నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి మండలాలలో అనేకమంది ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకొని నడవలేని స్థితికి వచ్చారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఇంటింటికీ వచ్చినా, అంతకు ముందు వంగిన ఎముకలు తిరిగి చక్కబడలేదు. ఇటువంటివారికి, పోలియో సోకినవారికి ఈ స్కూటరు కాళ్ళతో సమానం. దారిలో బెల్టు తెగితే దిగి తోసుకుపోవడం వారికి సాధ్యం కాదు.

సాధారణంగా స్కూటరు వెనుక చక్రానికి ఇరుపక్కల ఒక్కొక్క చక్రం అదనంగా అమరుస్తారు. చక్రాలు నాలుగయినా వాడుకలో దీనిని మూడు చక్రాల బండి అనే అంటారు. ఇందులో 'వి' బెల్టు రెండు కప్పీల మధ్య నడుస్తుంది. ప్రతి కప్పీ రెండు పళ్ళేలుగా ఉంటుంది. వేగం పెరిగినకొద్దీ ముందు కప్పీ పళ్ళేలు దగ్గరవుతాయి. బెల్టు అక్కడ పైకి ఎక్కి, వెనుక కప్పీలో లోపలికి దిగుతుంది. వెనుక కప్పీలోని బలమైన స్ప్రింగు దాని పళ్ళేలను ఎల్లప్పుడూ దగ్గరకు నొక్కుతూ బిగువును కాపాడుతుంది. అంటే ఇందులో టెన్షనర్ ఆ స్ప్రింగే. బెల్టు దారి క్షణక్షణం మారుతుంది కనుక బయటినుండి మరొక కప్పీ ఆనించడానికి వీలు లేదు, ఆనించరాదు.

ఈ బండ్లలో పట్టు తగ్గినప్పుడు చూడవలసినవి ఇవి:

• ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగకపోవడం, రబ్బరు కాలిన వాసన రావడం బెల్టు లేదా క్లచ్ జారడానికి గుర్తులు.
• బెల్టు వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. అరిగి సన్నబడిన బెల్టు ముందు కప్పీలో పూర్తిగా పైకి రాలేదు కనుక గరిష్ఠ వేగం తగ్గుతుంది.
• పక్క చక్రాలు మరీ కిందికి బిగిస్తే నడిపే మధ్య చక్రం మీద బరువు తగ్గి, టైరు నేల మీద జారుతుంది. దీనిని బెల్టు జారడంగా పొరబడి బెల్టు మార్చడం వృథా ఖర్చు.
• అదనపు చక్రాల బరువు వలన ఎత్తుపల్లాల దారులలో బెల్టు ఎక్కువ వేడెక్కుతుంది. వేసవిలో దుమ్ము కూడా తోడవుతుంది. కనుక మామూలు స్కూటరు కంటే ముందుగానే బెల్టు తనిఖీ చేయించాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. దివ్యాంగుల అవసరానికి చేసే మార్పులకు చట్టం వీలు కల్పిస్తుంది. 2019 సవరణలో 'ఇన్వాలిడ్ క్యారేజ్' అనే పాత పదం తొలగించి 'అడాప్టెడ్ వెహికిల్' అనే పదాన్ని చేర్చారు. పక్క చక్రాలు అమర్చిన తరువాత ఆ మార్పును రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలో ఇబ్బంది రావచ్చు.

ఇవి కూడా చూడండి

• కప్పీ
• ఘర్షణ
• ఆటోరిక్షా
• ఫ్లోరోసిస్
• నల్గొండ జిల్లా
• మహబూబ్‌నగర్ జిల్లా