మనసు కోలుకున్నదని తెలిసేదెలా?

జ్వరం తగ్గిందో లేదో థర్మామీటరు చెబుతుంది. మరి "నేను ఎందుకూ పనికిరానివాడను" అని కుమిలిపోయే వ్యక్తి మానసిక చికిత్సకు వెళ్ళి వస్తుంటే, తనను గూర్చి తనకున్న అభిప్రాయం మారిందని ఎలా తెలుసుకోవాలి? అతడు ఒక ఆదివారం నవ్వుతూ ఆరాధనకు వస్తే, "స్వస్థత కలిగింది, ఇక డాక్టరు దగ్గరకెందుకు?" అనేవారున్నారు. మరుసటి వారం ముభావంగా ఉంటే, "ఆ చికిత్స దండుగ" అనేవారూ ఉన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే.

ఈ ప్రశ్నను శ్రద్ధగా పరిశీలించినవారిలో అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ ఒకరు. ఆయన 1902లో భక్తిగల ప్రొటెస్టెంటు కుటుంబంలో జన్మించారు. న్యూయార్కులోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో కొంతకాలం చదివి, తరువాత మనస్తత్వశాస్త్రం వైపు మళ్ళారు. చికాగో విశ్వవిద్యాలయంలో ఆయన బృందం జరిపిన పరిశోధన 1954లో పుస్తకంగా వెలువడింది.

వారి పద్ధతి ఇది. ఒక్కొక్క వాక్యం రాసిన 100 కార్డులను చికిత్సకు వచ్చిన వ్యక్తికి ఇచ్చేవారు. "నేను ఇప్పుడు ఎలా ఉన్నాను" అని ఆలోచించి, తనకు ఏమాత్రం సరిపడని వాక్యాలు మొదలు బాగా సరిపడేవాటి వరకు ఆ కార్డులను వరుసగా దొంతరలు పెట్టాలి. తరువాత "నేను ఎలా ఉండాలని కోరుకుంటున్నాను" అని ఆలోచించి, అవే కార్డులను మళ్ళీ పేర్చాలి. రెండు అమరికలూ పూర్తిగా కలిస్తే 1. ఏ పొంతనా లేకుంటే 0. చికిత్సకు ముందు 25 మంది సగటు సున్నాకు కాస్త దిగువన ఉంది. ముగిసిన తరువాత అది 0.34 అయింది. కొన్ని నెలలు గడిచాక అడిగినా 0.31 వద్ద నిలిచింది. చికిత్స కోరని ఇతరులలో అది మొదట 0.58, తరువాత 0.59.

కాలమే గాయాన్ని మాన్పిందేమో! ఆ సందేహం తీర్చడానికే కొందరిని 60 రోజులు ఆగమని, ఆ తరువాతనే చికిత్స ప్రారంభించారు. ఆగిన రోజులలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు.

అయినా జాగ్రత్తలు అవసరమే. తనకు సహాయపడినవారిని సంతోషపెట్టాలని మంచి జవాబులు ఇచ్చేవారుంటారు. తమ ఆశలను తగ్గించుకున్నా ఆ అంకె పెరుగుతుంది. ఏ కొలతలోనైనా కొంత ఊగిసలాట సహజం. అందుకే 1991లో జాకబ్సన్, ట్రూయాక్స్ అనే పరిశోధకులు ఒక లెక్క సూచించారు. కొలతలో సహజంగా వచ్చే తేడాకంటే మార్పు స్పష్టంగా పెద్దదైనప్పుడే దానిని నిజమైన మార్పుగా ఎంచాలన్నారు.

ప్రియ చదువరులారా, మన గృహాలకు ఇందులో పాఠమున్నది. కోలుకుంటున్న సహోదరిని ఒక్క రోజు ముఖం చూసి అంచనా వేయవద్దు. వెంటనే సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేయవద్దు. కాదంటే మనం నొచ్చుకుంటామని ఆమె "బాగున్నాను" అనవచ్చు. డాక్టరు చెప్పకుండా మందులు మాన్పించవద్దు. నెలలు గడిచిన కొద్దీ ఆమె నిద్ర, పని, ఇతరులతో మాటామంతీ ఎలా ఉన్నాయో ఓపికగా గమనించి డాక్టరుకు చెబుదాము.

మనిషి విలువ ఏ అంకెలోనూ ఇమడదు. అది దేవుడు ఇచ్చినది, మనసు కుంగిన దినాన కూడా తరగనిది. అయితే ఆ విలువను రోగి తానే తిరిగి గుర్తించేవరకు ప్రార్థనతో, ఓర్పుతో పక్కన నిలబడటం మన బాధ్యత.