జంట దుర్భిణితో నక్షత్ర దర్శనము

 నేటి ప్రసంగవిషయము రాత్రివేళ మన కమాన్‌పూరు ప్రాంతపు పెరటినుండి కనబడు ఆకాశము. పంచాంగము చేతబట్టి తిథివారనక్షత్రములు గణించు మీకు చుక్కల పేర్లు క్రొత్తవి గావు. వేగుచుక్క పొడుపు జూచి నాగలి కట్టిన తరము మీది. పెండ్లినాటి రాత్రి వధూవరులకు అరుంధతిని జూపుట మన యింటింటి ఆచారము. ఐనను, నేటి పిల్లలను పిలిచి అరుంధతి యెక్కడనున్నదని యడిగినచో పలువురు చూపలేరు. పేరు మిగిలినది, చుక్క మరుగైనది.

మరుగగుటకు కారణము మనకు ఎదుటనే యున్నది. ఉత్తరదిశను రామగుండము విద్యుత్కేంద్రము 1983వ సంవత్సరమునుండి విద్యుత్తు నిచ్చుచున్నది. గోదావరిఖని పట్టణ దీపములును, రాత్రింబవళ్లు పని జరుగు ఓపెన్‌కాస్టు గనుల దీపములును ఆ దిక్కుననే వెలుగుచున్నవి. గాలిలోని ధూళి ఆ వెలుతురును ఆకాశమంతట చల్లుచున్నది. మన ప్రాంతమున ధ్రువనక్షత్రము చాచిన చేతి పిడికిళ్లు రెండింటి యెత్తుననే యుండును గనుక, అది ఆ వెలుతురులోనే మునిగిపోవుచున్నది. ఆ బొగ్గువలననే మన యిండ్లలో దీపము వెలుగుచున్నది గావున దానిని నిందించుట న్యాయముగాదు. కాని దక్షిణపు ఆకాశము మనకింకను కొంత చీకటిగనే మిగిలియున్నది. కంటికి కొంచెము సాయము దొరకిన, పోయినదానిలో చాలభాగము తిరిగి పొందవచ్చును. ఆ సాయమే జంట దుర్భిణి.

దుర్భిణిపై 10×50 అనియో, 15×70 అనియో రెండంకెలు వ్రాసియుండును. మొదటిది వస్తువు ఎన్నిరెట్లు పెద్దదిగా కనబడునో తెలుపును. రెండవది ముందరి అద్దపు వెడల్పు, మిల్లీమీటర్లలో. చుక్కలకు ఈ రెండవ అంకెయే ముఖ్యము. వెడల్పైన పాత్రలో వాననీరు ఎక్కువగా పడినట్లే, వెడల్పైన అద్దములో వెలుతురు ఎక్కువగా చేరును. చీకటిలో మన కనుపాప 5 మిల్లీమీటర్లు తెరచుకొన్నదనుకొనుడు. 70 మిల్లీమీటర్ల అద్దము దానికి 14 రెట్లు వెడల్పు. వైశాల్యమున సుమారు 196 రెట్లు.

పెద్దవారు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి గలదు. రెండవ అంకెను మొదటి అంకెచే భాగించినచో, దుర్భిణి వెనుకనుండి వెలువడు కాంతిధార వెడల్పు వచ్చును. 7×50 దుర్భిణిలో అది 7 మిల్లీమీటర్లు. యౌవనమున కనుపాప అంత తెరచుకొనవచ్చును గాని, వయసు మీరినకొలది అది 5 మిల్లీమీటర్లకో, అంతకు తక్కువకో తగ్గును. మిగిలిన వెలుతురు వృథా. 15×70 దుర్భిణిలో ధార 5 మిల్లీమీటర్లకు కొంచెము లోపుగ నుండును గనుక అది పెద్దల కన్నులకు చక్కగా సరిపడును. 50 మిల్లీమీటర్ల అద్దముతో 100 రెట్లు చూపునని యెవరైన అమ్మజూపినచో కొనకుడు. అందు ధార అర మిల్లీమీటరే. చీకటి తప్ప చుక్క కనబడదు.

పెద్ద దుర్భిణి బరువు సుమారు కిలోన్నర. చేతి వణకు కూడ 15 రెట్లు పెరిగి కనబడును గావున దానిని ముక్కాలిపీటవంటి స్టాండుపై నిలుపవలెను. స్టాండు లేనప్పుడు నులకమంచముపై వెల్లకిల పరుండి మోచేతులకు దిండ్లు ఆనించుకొనుట మంచి ఉపాయము. మొదట కుడికన్ను మూసి నడిమి చక్రముతో ఎడమకంటి చూపు సరిచేయవలెను. పిమ్మట ఎడమకన్ను మూసి కుడిగొట్టపు మరతో కుడికంటికి సరిచేయవలెను. చుక్క సూదిమొనవలె నిలిచిన సరిపోయినట్లే. ఒకే చుక్క రెండుగా కనబడి తలనొప్పి పుట్టినచో గొట్టములు వంకరపోయినవని గ్రహించి ఆ దుర్భిణిని తిరిగి యిచ్చివేయవలెను. అద్దముపై బొగ్గుధూళి పడినప్పుడు ధోవతి కొంగుతో రుద్దరాదు. ముందు గాలితో ఊది, పిదప మెత్తని కుంచెతో తుడువవలెను.

ఇక చూడదగినవి. చంద్రుని పూర్ణిమనాడు గాక శుక్లాష్టమినాడు చూడుడు. వెలుగు నీడలు కలియు అంచున కొండలు, గుంటలు నీడలుదీర్చి కనబడును. గురుగ్రహము ప్రక్కన చిన్నచుక్కలు వరుసగా కనబడును. అవి దాని ఉపగ్రహములు. గెలీలియో 1610 జనవరిలో సుమారు 20 రెట్ల దుర్భిణితో కనుగొన్నవి ఇవియే. శని వలయములు మాత్రము 15 రెట్లకు విడివడి కనబడవు. గ్రహము కోలగా తోచును, అంతే.

కృత్తికలను మనవారు పిల్లలకోడి యందురు. కంటికి ఆరు చుక్కలు, దుర్భిణిలో పదులకొలది. కార్తీక పూర్ణిమనాడు చంద్రుడు వానిచెంతనే యుండుటచే అవి వెలవెలబోవును. పదునైదు దినములు తాళి అమావాస్యనాడు చూడవలెను. ఆ రాత్రియే 9 గంటలవేళ నడినెత్తికి కొంచెము ఉత్తరమున దేవయాని నక్షత్రరాశిలో మంచుముద్దవంటి మరక కనబడును. అది 25 లక్షల కాంతిసంవత్సరముల దూరమునగల మరియొక పాలవెల్లి. వైశాఖ అమావాస్యనాడు అదే వేళకు దక్షిణమున, రెండున్నర పిడికిళ్ల యెత్తున, ఒమేగా సెంటారీ యను నక్షత్రగుచ్ఛము నుండును. సుమారు కోటి నక్షత్రముల ఆ ముద్ద లండను నగరవాసులకు ఎన్నడును కనబడదు. మన పెరటికి అది దక్కిన భాగ్యము.

ఇది పిల్లలాట యని తలపకుడు. 1996 జనవరిలో జపానుదేశమున హ్యకుటాకే యను ఔత్సాహికుడు 25×150 జంట దుర్భిణితోనే క్రొత్త తోకచుక్కను కనుగొనెను. మన హైదరాబాదులో నవాబు జాఫర్‌జంగు 1901లో స్వంత అభిరుచితో నెలకొల్పిన వేధశాలయే నిజామియా వేధశాలయై, పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది.

ఒక్క హెచ్చరిక మరువరాదు. దుర్భిణితో సూర్యుని ఎన్నడును చూడరాదు. గ్రహణమునాడైనను, ఉదయాస్తమయ వేళలనైనను, నల్లగాజు కంటికి అడ్డము పెట్టుకొనియైనను చూడరాదు. ఎండుటాకును మండించు అద్దము కన్నును విడుచునా? క్షణములో పోయిన చూపు ఏ వైద్యునివలనను తిరిగి రాకపోవచ్చును. కావున పగటివేళ దుర్భిణిని పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవి పెద్దలచేతనే యుంచుకొనవలెను.

గనుల దీపములు మన చేతిలోనివి గావు గాని, వీధిదీపములు పంచాయతీ చేతిలోనివి. దీపముపై రేకు టోపీ యొకటి అమర్చిన వెలుతురు బాటపైననే పడును. బాటసారికి మేలు, ఆకాశమునకును మేలు. ఊరికొక్క దుర్భిణి చాలును. దానిని కొనుటకు పలువురు కలసి పూనుకొనవచ్చును. కాని చుక్కల పేర్లు ఏ అంగడిలోను దొరకవు. అవి మీ జ్ఞాపకములోనే యున్నవి. రాబోవు అమావాస్యనాడు మనుమలను పెరటిలోనికి పిలిచి, ముందు వట్టికంటితో అరుంధతిని జూపి, పిదప దుర్భిణిని వారి చేతికిండు. పేరు మీరు చెప్పవలెను. చుక్కను వారు చూడవలెను.